కంట్రోలు వీధి

నమోదు 1

గాలి శాఖ దినచర్యలో వ్యాఖ్యలు రాయకూడదని పంచాయతీ నిబంధన. అంకెలు మాత్రమే రాయాలట. సరే, అంకెలే రాస్తున్నాను. ఎర్రదిబ్బలో ఆరు వీధులు, వీధికో నాచుగోడ. గోడ పచ్చదనం నూటికి ఎనభై ఉండాలి. ఇవాళ ఏ వీధి గోడా యాభై దాటలేదు. నాచు వదిలిన గాలి మనం పీలుస్తాం, మనం వదిలింది నాచు పీలుస్తుంది. గోడ పసుపెక్కితే మనుషులు నీలమెక్కుతారు. ఇది వ్యాఖ్య కాదు, శరీరశాస్త్రం.

ఇంకో నిబంధన కూడా ఉంది. గోడ యాభైకి తగ్గిన వీధిలో పురుడు పోయకూడదు, పసిగుడ్డుకి ఆ గాలి చాలదు. నెలలు నిండిన మనిషిని బండెక్కించి లోయ అవతల ఉన్న పెద్దస్థావరానికి పంపాలి. లోయదారి అంతా రాళ్ళు. కిందటేడు అలా వెళ్ళినావిడ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. నా చెల్లెలు మందాకినికి ఇప్పుడు ఏడో నెల. నాలుగో వీధిలో ఉంటుంది. అక్కడి గోడ నలభై నాలుగు.

అంకెలు మాత్రమే రాయమన్నారు కాబట్టి నాకు భయంగా ఉందని రాయకూడదు. రాశాను. కొట్టేసుకోమనండి.

నమోదు 2

సర్పంచి భుజంగరావుగారి తోడల్లుడు చక్రపాణిగారు నాచుకి మందు కనిపెట్టారు. దాని పేరు పచ్చధార. అందులో పులిసిన గంజి, బెల్లం, ఇంగువ, ఆయన బయటపెట్టనివి మరికొన్ని ఉన్నాయి. వాసన చూశాక బయటపెట్టకపోవడమే మేలనిపించింది.

ఒకటో వీధిలో ప్రారంభోత్సవం చేశారు. పెద్దలొస్తున్నారని వీధంతా ఊడ్చి, గోడ మీది దీపాలకు పట్టిన ఎర్రధూళి తుడిచారు. మనం ఇక్కడ కాపురం పెట్టాక ఆ దీపాలకు గుడ్డ తగలడం అదే మొదలు. తరువాత సర్పంచిగారు చెంబుతో మందు పోశారు. జనం ముక్కుల మీది చేతులు తీసి మరీ చప్పట్లు కొట్టారు.

వారం తిరిగేసరికి ఒకటో వీధి గోడ నలభై రెండు నుంచి నలభై ఎనిమిదికి ఎక్కింది. చక్రపాణిగారికి శాలువా కప్పారు.

"దీపాలు తుడిచిన సంగతేంటండీ?" అని అడిగాను.

"దీపాలకేమైంది? బానే ఎలుగుతున్నాయిగా," అన్నారాయన శాలువా సర్దుకుంటూ.

"అదేనండీ. ఒకే రోజు రెండు మార్చారు. వెలుతురు పెరిగింది, మందూ పడింది. పచ్చదనం దేనివల్ల వచ్చిందో ఎట్టా తెలుస్తుంది?"

"మందు పోసినాకే గదమ్మా వచ్చింది! ముందొచ్చిందా?"

కాకి వాలిందీ, తాటిపండు రాలిందీ అని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఎర్రదిబ్బలో కాకులు లేవు, తాటిచెట్లూ లేవు. ఆ తప్పు మాత్రం భూమి నుంచి పదిలంగా మూటగట్టి తెచ్చుకున్నాం. పైగా ఇక్కడ కాకికి శాలువా కూడా కప్పుతున్నాం.

నమోదు 3

ఆరు వీధులకీ పచ్చధార పోయాలని పంచాయతీలో తీర్మానం పెట్టారు. నేను అడ్డం పడ్డాను. అందరికీ ఒకేసారి పోస్తే అది మేలు చేసిందో కీడు చేసిందో దేనితో పోల్చి చూసుకుంటామని అడిగాను. పరీక్ష అంటే ఒక్క చరరాశి మాత్రమే మారాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టుండాలి అని వివరించాను.

వెనక వరుసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. "మా కోడలిది మకరం. మకరం చరరాశేగా? ఇప్పుడామెకేమన్నా దోషమా?"

కుజుడి మీదే కాపురం ఉంటూ పెళ్ళిచూపుల్లో కుజదోషం అడిగే ఊరు ఇది. నేను తప్పు మాట వాడానని ఒప్పుకుని ముందుకు పోయాను.

"జనాన్ని రెండు ముక్కలు చేస్తానంటావేందమ్మా సుభాషిణీ," అన్నారు సర్పంచిగారు. "నా హయాంలో అందరూ సమానం. పోస్తే అందరికీ పోస్తాం."

అందరం సమానంగా ఊపిరాడక పోవచ్చు అన్నాను. అది ఎవరికీ నచ్చలేదు. అప్పుడు వేరేగా చెప్పి చూశాను. "మూడు వీధులకి మందు. తక్కిన మూడు వీధులూ కంట్రోలు గ్రూపు. చీటీలు తీద్దాం."

హాలంతా ఒక్కసారి కలకలం. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నా జీవితంలో నా మాట అంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడే అనుమానించవలసింది.

నమోదు 4

పొద్దున్నే గాలి శాఖ గుమ్మం ముందు వరుస. ఒక్కొక్కరి చేతిలో సంచి, నూనె డబ్బా. వరుసలో ముందు మా రెండో వీధి నాంచారమ్మ పిన్ని.

"ఏం పిన్నీ, ఇట్టా వచ్చావ్?"

"కంట్రోలు ఇస్తన్నావంటగా. ఈసారి కందిపప్పు గూడా ఉందంటనా?"

ఎర్రదిబ్బలో తిండి సరుకులు ఇచ్చే కొట్టుని తాతల కాలం నుంచీ కంట్రోలనే అంటాం. కంట్రోలు బియ్యం, కంట్రోలు నూనె, కంట్రోలు చక్కెర. నేను కంట్రోలు గ్రూపు అన్నది వీళ్ళకి మూడు వీధులకి అదనపు సరుకులని వినబడింది.

"పిన్నీ, ఈ కంట్రోలు అది కాదు. ఈ మూడు వీధులకీ ఏమీ ఇవ్వం. ఊరికే చూస్తాం."

"ఏమీ ఇయ్యరా?"

"ఏమీ ఇవ్వం."

పిన్ని సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "మరి ఆ కంట్రోలుకీ మన కంట్రోలుకీ తేడా ఏందే? నెలాఖరుకి అక్కడా అంతేగా," అంది.



నమోదు 5

చీటీలు తీశారు. ఒకటి, మూడు, అయిదు వీధులకి మందు. రెండు, నాలుగు, ఆరు వీధులు కంట్రోలు. నాలుగో వీధి చీటీ కూడా అందులోనే పడింది. తీసింది నేనే.

సాయంత్రం మందాకిని ఇంటికి వెళ్ళాను. నాకు కుర్చీ కూడా వెయ్యలేదు.

"ఇంకో చీటీ తియ్యలేకపొయ్యావా అక్కా? ఎవురు చూడొచ్చారు?"

"అట్టా తీస్తే అది చీటీ ఎందుకవుతుందే?"

"నా కడుపులో బిడ్డ నీకు లెక్కలో అంకె అయిపొయ్యిందా?"

నాకు కోపం వచ్చింది. ఆ మందు మంచిదని ఎవరు చెప్పారు, అది విషమైతే నీ వీధే బతికిపోతుంది కదా అన్నాను. మరి మంచిదైతే? అని అడిగింది. తెలియదన్నాను. తెలియదని చెప్పుకోవడానికి చదువెందుకు అంది. మా మరిది రాఘవులు మజ్జిగ తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. మజ్జిగ తాగకుండానే వచ్చేశాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇది అంకె కాదు, అయినా రాస్తున్నాను.

నమోదు 6

పరీక్ష నాశనమైంది.

ఆరు గోడలూ ఒకేలా తగ్గుతున్నాయి. ఒకటో వీధి గోడ కూడా ఎక్కిన మెట్లు దిగి మళ్ళీ నలభై రెండుకి వచ్చింది. మందు పోసిన వీధికీ పోయని వీధికీ తేడా ఎందుకు లేదా అని తల పట్టుకుని నాలుగో వీధికి వెళ్ళి గోడకి ముక్కు ఆనించాను. ఇంగువ కంపు గుప్పుమంది.

విచారిస్తే తేలింది. మూడో వీధి వాళ్ళు జాలిపడి తమ వాటాలో సగం నాలుగో వీధికి పోస్తున్నారు. అయిదో వీధి వాళ్ళు ఆరో వీధిలో వియ్యంకులున్నారని బిందెలతో పంపుతున్నారు. మా రెండో వీధికి పోసింది సాక్షాత్తు నాంచారమ్మ పిన్ని.

"నీ గోడకి గూడా పోశాన్లే," అంది నా భుజం తట్టి. "నువ్వడగవు గదా, మొహమాటం."

రాఘవులు బకెట్‌తో సహా దొరికాడు. "వదినా, నన్నేం చేస్తావో చెయ్యి. ఇంట్లో నీ చెల్లెల్ని తట్టుకోటం నా వల్ల గాదు," అన్నాడు.

నాకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. దొంగతనమైతే కాపలా పెట్టవచ్చు. దయకి కాపలా ఎలా పెడతాం? మన ఊళ్ళో ఒకరి ఇంట్లో పండగైతే పక్కింటికి గిన్నె వెళ్ళాల్సిందే. అది మంచి అలవాటే, కాదనను. కానీ ఆ గిన్నెలో ఏముందో ఒక్కసారి చూసి పంపుకుంటే బాగుండును.

నమోదు 7

లెక్కలు ఒప్పజెప్పడానికి సర్పంచిగారి ఇంటికి వెళ్ళాను. ఆరు వీధుల నడుమ చావడి పక్కన వాళ్ళ ఇల్లు, ఆ ఇంటికి సొంత నాచుగోడ. వంటింటి పక్కన ఆ గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. చేతిలో కొలత యంత్రం ఉంది కాబట్టి కొలిచాను. డెబ్భై తొమ్మిది.

సర్పంచిగారి భార్య శేషారత్నంగారు చింతపండు పిసుకుతున్నారు.

"పిన్నిగారూ, మీ గోడకి పచ్చధార ఎంత పోస్తారు?"

"పోస్తే చెయ్యి ఇరగ్గొడతా," అన్నారావిడ. "ఆ కంపు నా వంటింటి పక్కనా? చక్రపాణి మా చెల్లెలి మొగుడైతే అయ్యాడు, పెళ్ళిలోనే చెప్పా, ఆ పిల్లోడి దగ్గర ఏదో పులిసిన వాసనొస్తందని."

"సర్పంచిగారు ప్రారంభోత్సవంలో చెంబుతో పోశారుగా?"

"అది వీధి గోడ. ఇది మా గోడ."

ఇంత గొప్ప వాక్యం మన పంచాయతీ చట్టంలో కూడా లేదు.

పరుగెత్తుకెళ్ళి చావడిలో అరవాలనిపించింది. ఆగాను. ఆ ఇంట్లో మందు లేదు నిజమే. కానీ మనుషులు ఇద్దరే. పైగా శేషారత్నంగారికి శుభ్రం పిచ్చి, దీపాలు రోజూ తుడుస్తారు. అంటే మూడు తేడాలు. వీటిలో ఏది గోడని పచ్చగా ఉంచిందో నాకు తెలియదు. తెలుసని అరిస్తే నేనూ ఇంకో చక్రపాణిని అవుతాను, శాలువా ఒక్కటే తక్కువ.

నా బాధ ఆవిడకి చెప్పాను. జనం జాలి గురించీ చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుని నా వైపు తిరిగారు.

"కొందరికి ఇయ్యలేదంటేనే గదా జాలి. అందరికీ ఇచ్చెయ్యి."

"మందా?"

"డబ్బా. మూడింట్లో ఆడి మందు, మూడింట్లో నీళ్ళు. నీళ్ళకి కాస్త రంగేసి, మూత లోపల ఇంగువ రాస్తే అదే కంపు. ఏది ఏందో ఎవురికి తెలుస్తది?"

నాలుగేళ్ళు చదివి నేర్చుకున్న పాఠం నాకు గుర్తు రాలేదు. మామగారికి చేదు మందని చెప్పి ఏళ్ళ తరబడి కాకరరసం పట్టిన అనుభవం ఆవిడది. నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను.

నమోదు 8

కొత్త పరీక్ష మొదలైంది. మూడు వీధులకి వెళ్ళేవి నీళ్ళేనని పంచాయతీకి చెప్పాను, ఏ మూడో మాత్రం చెప్పలేదు. పాత కంపు పోవాలని ముందు ఆరు గోడలూ కడిగించాను. మందు పట్టాలంటే పథ్యం ఉండాలని చాటింపు వేయించాను. రోజూ దీపాలు తుడవడమే పథ్యం. ఊరికే తుడవమంటే ఇన్నేళ్ళూ ఒక్కరూ వినలేదు. పథ్యం అనగానే గుడ్డలు దొరక్కుండా పోయాయి. వెలుతురు అన్నిచోట్లా ఒకటే, పోసే కొలత ఒకటే, పోసే వేళ ఒకటే. తేడా అల్లా డబ్బాలో ఉన్నదే.

ఏ వీధికి ఏది వెళ్ళాలో శేషారత్నంగారు గవ్వలేసి తేల్చారు. నేను గదిలోనే లేను. నాకు కూడా తెలియకూడదు. తెలిస్తే నాలుగో వీధి గోడ కొలిచేటప్పుడు నా చెయ్యి ఎటు మొగ్గుతుందో నాకే నమ్మకం లేదు. గుర్తు ఆవిడ పోపులపెట్టెలో ఉంది. చుట్టూ ఆరు గిన్నెలు, మధ్యలో ఒకటి. మన ఊరి పటమే అది. నిజం మందు వెళ్ళిన వీధి గిన్నెలో ఎండుమిరపకాయ నిలువునా గుచ్చి పెట్టారట. సర్పంచిగారు రోజూ ఆ పెట్టెలోంచి పడిన తాలింపే తింటున్నారు.

అంకెలు నా దగ్గర, మిరపకాయలు ఆవిడ దగ్గర. ఏ గోడ అయినా ముప్ఫై అయిదుకి పడితే ఆ రోజే పెట్టె తెరవాలని ముందే రాసుకున్నాం. ఇద్దరం సంతకం పెట్టాం.

నమోదు 9

గోడలు విడిపోయాయి. రెండు, మూడు, ఆరు ఎక్కుతున్నాయి. ఒకటి, నాలుగు, అయిదు దిగుతున్నాయి. నాలుగో వీధి ముప్ఫై ఎనిమిది. మందాకినికి తొమ్మిదో నెల వచ్చింది. గడప దాటితే ఆయాసపడుతోంది. మా ఇంటికి రమ్మంటే రానంది.

చక్రపాణిగారు నా దగ్గరికి వచ్చి ముసిముసిగా నవ్వారు. "ఎక్కే మూడూ నా మందేనమ్మా. దిగే వాళ్ళకి నువ్వు నీళ్ళు పోయిస్తన్నావ్. నీ చెల్లెలి ఉసురు నీకే తగులుద్ది."

ఆయన అన్నది నిజమే కావచ్చు. అదే నన్ను చంపింది. ఆయనంటే నాకు పడకపోవడం సాక్ష్యం కాదు. శేషారత్నంగారి వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టె మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ముప్ఫై అయిదు అన్నావ్. ఎంతుంది?"

"ముప్ఫై ఎనిమిది. పిన్నిగారూ, నాలుగో వీధి ఒక్కటీ చెప్పండి. అది మా చెల్లెలు."

"నువ్వడిగితే చెప్తా," అన్నారావిడ. "చెప్పాక ఆడు ఊరుకుంటాడా? చెల్లెలి కోసం మజ్జలో ఆపించింది, లేకపోతే నా మందు గెలిచేదే అంటాడు. మళ్ళా ఆరు వీధులకీ పోయిస్తాడు. అప్పుడు నీ చెల్లెలికేది దారి?"

చెయ్యి తీసేశాను. వస్తూ వస్తూ ఆవిడని మనసులో తిట్టుకున్నాను. ఆవిడ చెప్పిందే సరి.

నమోదు 10

నాలుగో వీధి ముప్ఫై అయిదు. పంచాయతీ పిలిపించాను.

శేషారత్నంగారు పోపులపెట్టె చంకన పెట్టుకుని వచ్చారు. ఇంట్లోది సభలోకి తెచ్చావేమని సర్పంచిగారు కసిరితే, తిన్నప్పుడు అడగలేదే అన్నారావిడ. నేను ముందుగా ఆరు అంకెలూ గోడ మీద పెద్దగా రాశాను. రాశాక మార్చడానికి లేదు. రెండో వీధి యాభై ఏడు. మూడు, ఆరు కూడా యాభై దాటాయి. ఒకటి, అయిదు నలభై లోపు.

అప్పుడు ఆవిడ మూత తీశారు. మిరపకాయలు ఒకటి, నాలుగు, అయిదు గిన్నెల్లో ఉన్నాయి.

నాంచారమ్మ పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టి, పైకే అనేసింది. "అంటే మందు పోసినయ్యి చచ్చినయ్యి. నీళ్ళు పోసినయ్యి బతికినయ్యి. మరి ఇన్నాళ్ళూ నేను బిందెలతో మోసింది..."

కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

చక్రపాణిగారు నీళ్ళలో ఏదో కలిపారని అరిచారు. శేషారత్నంగారు నీళ్ళ డబ్బా ఎత్తి, అందరి ముందూ గటగటా తాగారు. తరువాత పచ్చధార డబ్బా మరిదిగారి ముందు పెట్టి, ఇప్పుడు నువ్వు తాగు నాయనా అన్నారు. ఆయనకి అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది.

ఆ రోజే మందాకినిని మా రెండో వీధికి, నా ఇంటికి తెచ్చుకున్నాను. దారంతా నా చెయ్యి వదల్లేదు.

నమోదు 11

ఆడపిల్ల. మా ఇంట్లోనే, యాభై తొమ్మిది పచ్చదనంలో పుట్టింది. ఏడుపు చావడి దాకా వినబడిందట.

సర్పంచిగారు చెప్పినట్టు అందరికీ సమానంగా పోసి ఉంటే, ఈ పిల్ల పుట్టడానికి ఎర్రదిబ్బలో వీధి మిగిలేది కాదు. ఏమీ ఇవ్వకుండా వదిలేసిన వీధే దీనికి ఊపిరి ఇచ్చింది. పిల్లని ఎత్తుకుని ఈ సంగతి దానికే చెప్పాను. నిద్రపోయింది. మన ఊరి పిల్లే.

నమోదు 12

సర్పంచిగారు ప్రకటన చేశారు. పచ్చధారను సరైన సమయంలో ఆపడమనే దూరదృష్టి వల్లనే గోడలు కోలుకుంటున్నాయట. చక్రపాణిగారికి ఇంకో శాలువా కప్పారు. మందు ఆపే విధానం కనిపెట్టినందుకు.

జనం మారారా అంటే మారారు. పచ్చధార పేరెత్తితే కర్ర తీసుకుంటున్నారు. కానీ పొద్దున్నే నా గుమ్మం ముందు మళ్ళీ వరుస. ఈసారి అందరికీ కంట్రోలు నీళ్ళు కావాలి. ఆరు వీధులకీ కుళాయి ఉంది, అందులో వచ్చేవి అవే నీళ్ళు. అది చెబితే వినరు. రంగు ఉండాలట, ఇంగువ కంపు ఉండాలట, డబ్బాలో ఇవ్వాలట. గోడలను బతికించింది దీపాలు తుడిచిన గుడ్డ అని గొంతు పోయేలా చెప్పాను. విన్నారు, తలలూపారు. ఆ గుడ్డలు ఉతికి దాచుకున్నారు, దీపాలు మాత్రం మళ్ళీ ఎర్రబడుతున్నాయి. పథ్యం అయిపోయిందిగా అంటున్నారు.

ఇంటికి వచ్చి కూలబడ్డాను. మందాకిని పిల్లని ఒళ్ళో వేసుకుని నా పక్కకి జరిగింది. నాలుగో వీధి చీటీ నాటి నుంచి నాతో సరిగా మాట్లాడనిది, ఇవాళ నా భుజం మీద తల ఆనించింది.

"అక్కా, నన్ను క్షమించవే. నా మాట విని నువ్వు పరీక్ష వదిలేసుంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుస్తంది."

"పోనీలేవే," అన్నాను.

"ఒక్కటడుగుతా, కాదనవుగా?"

"అడుగు."

"రేపు పిల్లకి మొదటి నీళ్ళు పోస్తన్నాం. నీ దగ్గర కంట్రోలు నీళ్ళు ఒక్క డబ్బా ఉంటే ఇప్పించవూ?"

దాని ముఖం చూశాను, పిల్ల ముఖం చూశాను. లేచి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి ఇచ్చాను.

తరువాత మూడో వీధికి వెళ్ళాను. అక్కడా నిన్ననే ఒక పురుడు వచ్చింది. పోల్చి చూసుకోవాలి కాబట్టి, ఆ పిల్లాడికి మాత్రం కుళాయి నీళ్ళే పోయమని చెప్పి వచ్చాను.